వ్యాసంలో ఆఖరి పేజీ

పొద్దున ఎనిమిదింటికే రోజారమణి వ్యాసం పూర్తయింది. ఇక స్నానం చేసి, పదింటి బస్సుకు కావలి వెళ్లి, కాలేజీలో పాఠం చెప్పే లాజరస్ సారు చేతిలో పెట్టి రావడమే మిగిలింది. సాయంత్రం అయిదు దాటిందంటే ఎం.ఏ. తెలుగు ఇంకో ఏడాది సాగుతుంది. రచనకు అర్థం రచయిత మనసులో ఉంటుందా, పాఠకుడి బుర్రలో ఉంటుందా అన్నది అంశం. రెండు సిద్ధాంతాలనూ పోల్చి, ఆఖరి పేజీలో ఆమె రచయితకే పట్టం కట్టింది. రచయితల మీద జాలితో కాదు, ఆ వైపు నోట్సు ఎక్కువ దొరికింది.

జువ్వలదిన్నె పక్కనున్న వాళ్ల జాలరి పాళెంలో, పెద్దమనుషులైన ఊరికాపులు వేసే కట్టుబాటును దురాయి అంటారు. దురాయి పడితే పడవ కదలదు. కాపుల రాత కాపులకే అర్థం కాదు గనక, మూడేళ్లుగా దురాయిలన్నీ రోజారమణి చేతే రాయిస్తున్నారు. ఆరోజు కూడా రోడ్డు మీద వలలు ఆరబెట్టరాదని ఒకటి రాసి వ్యాసం పక్కనే పెట్టింది. ఆమె స్నానానికి వెళ్లగానే, దురాయిలు మైకులో చాటే పెంచల్ ఆ కాగితం కోసం వచ్చాడు. చదువురాని తల్లి పేరమ్మ, కూతురి దస్తూరీ గుర్తుపట్టి, పైనున్నది తీసి ఇచ్చింది. అది వ్యాసంలో ఆఖరి పేజీ.

తల తుడుచుకుంటున్న రోజారమణికి, తాను వ్యాసంలో ఉదాహరణగా కల్పించిన దురాయి మైకులో వినిపించింది.

"రేపు తెల్లారేదాకా ఎవరూ వల ముట్టరాదు! ఎవరికి తోచిన అర్థం వాళ్లు తీస్తే అది అరాచకం!"

ఆమె పరుగెత్తేసరికి రేవులో ఇంజన్లన్నీ ఆగి ఉన్నాయి.

"శ్రీహరికోటలో రాకెట్టు వదల్తా ఉండారేమో," అన్నాడొకడు.

"వల వద్దన్నారు గానీ గాలం వద్దన్లేదు గదా?" అన్నాడు ఆమె తమ్ముడు ముఖేష్.

"తోచిన అర్థం తీయొద్దని ఇప్పుడే గదరా చెప్పినారు! నోరు ముయ్," అని తండ్రి పోలేరయ్య కసిరాడు.

పెద్దకాపు వెంకయ్యకు ఈ దురాయి సంగతే తెలియదు. మిగతా కాపులు తనను అడక్కుండా వేశారనుకున్నాడు. వాళ్లూ ఆయన గురించి అదే అనుకున్నారు. తెలియదంటే పరువు పోతుంది కాబట్టి అందరూ గంభీరంగా తలలూపి, కాగితాన్ని బోర్డుకు అంటించారు.

"పెదనాయనా, అది దురాయి కాదు, నా వ్యాసం! రాసిందాన్ని నేను చెప్తా ఉండా, నా ఉద్దేశం అది కాదు," అంది రోజారమణి వెంకయ్యతో.

"రాసింది నువ్వే, కాదన్లేదు. ఊరు విన్నాక అది ఊరిది. నువ్వేమనుకోని రాసినావో మాకెందుకమ్మా?"

రచయిత పక్షాన నోట్సులో ఉన్న వాదాలన్నీ వరుసగా వదిలింది. ఒక్కటీ పారలేదు. అంటించిన దురాయిని గడువు తీరేదాకా పీకకూడదట. ఈలోగా పదింటి బస్సు వెళ్లిపోయింది. ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చింది కూడా.

తర్వాత ముక్కు తుడుచుకుని, ఇంటికెళ్లి కొత్త ఆఖరి పేజీ రాసింది. రాకెట్టు, గాలం, అరాచకం, తన ఓటమి అన్నీ పెట్టి, ఈసారి పాఠకుడికి పట్టం కట్టింది. మధ్యాహ్నం బస్సు పట్టుకుని, అయిదుకు పది నిమిషాలుందనగా ఇచ్చేసింది.

నెల తర్వాత వ్యాసం తిరిగొచ్చింది. క్లాసులో ఆమెదే మొదటి మార్కు. కింద ఎర్రసిరాతో లాజరస్ సారు రాశారు: "తీర్పు సబబుగా ఉంది. ఉదాహరణ మాత్రం మరీ కల్పితం. చుట్టూ ఉన్న జీవితాన్ని కాస్త గమనించవలెను."