బీరువాలో పాట

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య ఒక పాట పాడుతుంది, భర్త దాన్ని రికార్డు చేస్తాడు, పన్నెండు కొట్టేలోగా బడికి పంపిస్తారు, ఆ తర్వాత నిమ్మళంగా భోంచేస్తారు. ఇందులో తేడా రావడానికి చోటెక్కడుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ భర్త సంగతి తెలియనివాళ్లకు మాత్రమే అలా అనిపిస్తుంది.

అతడు బీమా ఆఫీసులో గుమస్తా. ఒకసారి మొరాయించిన స్టాప్లరును బాగుచేసిన పాపానికి తోటివాళ్లు ‘ఇంజనీరు’ అని పిలవడం మొదలుపెట్టారు. వాళ్లు వేళాకోళానికి అన్నారు, ఇతడు నిజమనుకున్నాడు. భార్య ముందుగదిలో ఇరుగుపొరుగు పిల్లలకు సంగీతం చెబుతుంది. పాఠానికి ముందు సోఫా జరపడం, పాఠమయ్యాక మళ్లీ యథాస్థానంలోకి నెట్టడం, ఇన్నేళ్లుగా ఇదే వరస. దగ్గర్లోని బడిలో సంగీతం టీచరు ఉద్యోగం ఖాళీగా ఉందనీ, పాట రికార్డు చేసి పంపితే చాలనీ తెలిసినప్పటి నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. తనకంటూ ఒక గది, ఎవరూ జరపనక్కర్లేని ఒక బల్ల. ఆమెకు అంతకుమించి ఏమీ వద్దు. గడువు ఆ మధ్యాహ్నంతో సరి.

స్టూడియోకి వెళదామని ఆమె అంటే ఇంజనీరు జాలిగా నవ్వాడు. ఇంట్లోనే చవగ్గా పాట రికార్డు చేసుకోవడం ఎలాగో చెప్పే వీడియోలన్నీ అప్పటికే నమిలి మింగేశాడు. ఒక మైకు, ఒక హెడ్‌ఫోను, మైకును లాప్‌టాప్‌కు కలిపే అరచేతంత పెట్టె కొనుక్కొచ్చాడు. గదిలో పాడితే గొంతు గోడలకు తగిలి తిరిగొస్తుందట. బట్టలు వేలాడే బీరువాలో పాడితే ఆ బెడద ఉండదని ఎవరో మహానుభావుడు ఒక వీడియోలో సెలవిచ్చాడు. అంతే, పడకగదిలోని నిలువెత్తు చెక్క బీరువా స్టూడియో అయిపోయింది.

పొద్దున్నే ఫ్యాను ఆపాడు, ఫ్రిజ్ ఆపాడు, గోడగడియారాన్ని దిండు కింద పెట్టాడు, కాలింగ్ బెల్లు తీగ పీకేశాడు. కిటికీకి పరుపు అడ్డం పెట్టాడు. బీరువా సందుల్లో దుప్పట్లు కుక్కి, మైకునూ భార్యనూ లోపల నిలబెట్టాడు. లాప్‌టాప్‌నూ పెట్టెనూ బయట నేలమీద పెట్టుకుని, హెడ్‌ఫోను పెట్టెకు తగిలించాడు. తలుపులు వాటంతటవే తెరుచుకుంటుంటే పిడులకు నైలాన్ తాడు బిగించాడు. మొదటిసారి తుమ్ము వచ్చి ఆమె బయటపడింది. రెండోసారి నెత్తిమీద కోటు పడింది. మూడోసారికి ఆమె ముఖం కందగడ్డలా అయింది.

“ఇంకెంతో టైము లేదు. ఇల్లు కూలినా సరే, ఆపకు,” అన్నాడు.

“కూలితే నువ్వే కూల్చుంటావు,” అని ఆమె లోపలికి వెళ్లింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి రిటైర్డు నర్సమ్మ వచ్చింది. ఎంత నొక్కినా బెల్లు మోగకపోతే తలుపు తోసుకుని లోపలికి నడిచింది. పడకగది గుమ్మంలోంచి ఆమెకు కనిపించింది ఇది. ఇంటాయన ఇల్లాలిని బీరువాలోకి పంపి, తలుపులు మూసి, తాడుతో కట్టి, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చెవులకు ఏవో తగిలించుకుని కళ్లు మూసుకుని ఆనందంగా తల ఊపుతున్నాడు. బీరువాలోంచి సన్నగా మూలుగు లాంటిది వినిపిస్తోంది. నర్సమ్మ పిలిచింది. పలకలేదు. భుజం తడితే కళ్లు తెరిచి, పెదవుల మీద వేలు పెట్టి చిరునవ్వు నవ్వాడు. ఆసుపత్రిలో ఎన్నో చూసిన మనిషే కానీ ఇంత ప్రశాంతమైన దుర్మార్గాన్ని ఆవిడ ఎక్కడా చూడలేదు. వరండాలోకి వచ్చి ఇల్లాలి తమ్ముడికి ఫోన్ చేసింది.

తమ్ముడిది వీధి చివర డ్రైవింగ్ స్కూలు. రోజంతా నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని అరిచీ అరిచీ గొంతు పెద్దదైంది. కంగారు పుడితే కుడికాలు దానంతటదే లేని బ్రేకు తొక్కుతుంది. అతడు రొప్పుతూ వచ్చేసరికి పాట ఇంకా సగంలోనే ఉంది. ఇంజనీరు హెడ్‌ఫోను ఒక చెవి మీంచి తప్పించాడు. మైకు బీరువాలో ఉంది కనుక బయట మెల్లగా మాట్లాడితే ఫర్వాలేదని అతడి నమ్మకం.

“బావా, అక్కేది?”

“లోపలుంది. గొంతు తగ్గించు.”

“ఎందుకు కట్టేశావు?”

“కట్టకపోతే బయటికొచ్చేస్తోంది. పొద్దున్నుంచి రెండుసార్లు వచ్చేసింది. బతిమాలి మళ్లీ పంపించాను.”

“లోపల గాలాడుతుందా?” అంది నర్సమ్మ.

“గాలాడితే ఇంకేమన్నా ఉందా అండీ? సందులన్నీ కూరింది అందుకేగా.”

తమ్ముడి కాలు నేలను తన్నింది. “అక్క దీనికి ఒప్పుకుందా?”

“మొదట ఒప్పుకోలేదు. బయటికెళదామంది. ఇదే పనికి బయట బోలెడు డబ్బు గుంజుతారురా, నేను ఇంట్లోనే చవగ్గా కానిచ్చేస్తున్నాను,” అని గర్వంగా చెప్పాడు.

ఆ మాటతో తమ్ముడు బీరువా మీద పడ్డాడు. బావ తమ్ముడి మీద పడ్డాడు. ఒకడు తాడు లాగుతుంటే ఇంకొకడు బిగిస్తున్నాడు. నర్సమ్మ వంటింట్లోంచి కత్తి తెచ్చి తాడు కోస్తానంటే, అది తనకోసమేననుకుని ఇంజనీరు పరుపు వెనక్కి దూరాడు. పరుపు అందరి మీదా పడింది. ఇంత జరుగుతున్నా పాట మాత్రం ఆగలేదు. చివరి చరణం పూర్తయ్యాక, లాగులాటలో వదులైన తాడు జారిపోయి బీరువా తలుపులు తెరుచుకున్నాయి. చెమటతో తడిసిన ఆమె, జడకు చిక్కుకున్న హ్యాంగరుతో సహా బయటికి వచ్చింది. పరుపు కింద కనిపించిన కాళ్లను లెక్కచేయకుండా భర్తనడిగింది.

“వచ్చిందా?”

“బ్రహ్మాండంగా వచ్చింది,” అన్నాడతడు పరుపు కిందనుంచే. వినడానికి వ్యవధి లేదు. గబగబా బడికి పంపించేశాడు.

ఆ తర్వాత ఎవరు ఏమనుకున్నారో ఒకరికొకరు చెప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. ముందే ఒక ముక్క చెబితే పోయేదిగా అని నర్సమ్మ సణిగింది. తమ్ముడు తల గోక్కుని, పోనీ ఆ పాటేదో వినిపించమన్నాడు. ఇంజనీరు పాట మధ్యకు జరిపి మీట నొక్కాడు. లాప్‌టాప్‌లోంచి ఖంగుమని “లోపల గాలాడుతుందా?” అని నర్సమ్మ గొంతు వచ్చింది. ఆ వెనక ధబీమని పరుపు పడింది. ఎక్కడో దూరాన, నూతిలోంచి వస్తున్నట్టుగా, పాట.

ఇంజనీరు తీగలన్నీ తడిమి చూశాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. పెట్టెలోంచి అతడి చెవులకు కొత్త మైకు పాట వినిపించిన మాట నిజమే. లాప్‌టాప్‌కు మాత్రం ఆ మైకునే వినమని చెప్పడం మరిచాడు. అది తన సొంత మైకుతో గదిలో గోలంతా శ్రద్ధగా పట్టుకుంది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. పరుపు అంచున కూలబడి, “ఇంక నాకు ఆ ముందుగదే గతి,” అంది. తిట్టినా బాగుండేదనుకున్నాడు ఇంజనీరు. బడికెళ్లి హెడ్మిస్ట్రెస్ కాళ్లమీద పడతానని తమ్ముడు లేచాడు, నువ్వు ఇంకెక్కడా పడొద్దని నర్సమ్మ కూర్చోబెట్టింది.

భోజనం సంగతి ఎవరికీ గుర్తులేదు. సాయంత్రం కావస్తుండగా హెడ్మిస్ట్రెస్ దగ్గర్నుంచే ఫోన్ వచ్చింది.

“ముందు ఒక్క మాట చెప్పండమ్మా. మీరు బయటికొచ్చారా?”

వచ్చానండీ అని ఆమె నీరసంగా చెప్పి, క్షమాపణ అడగబోయింది. హెడ్మిస్ట్రెస్ అడగనివ్వలేదు.

“మిగతావాళ్లంతా చాలా శుభ్రంగా పాడి పంపారు. మా బడిలో అంత నిశ్శబ్దం ఎక్కడిది? పోయినసారి వచ్చినావిడ పక్క క్లాసులో కుర్చీ పడితే పాట ఆపేసేది, మూడు వారాల్లో మానేసింది. మీ దగ్గర ఏం పడిందో నాకు తెలీదు గానీ చాలా పెద్దదే పడింది. అయినా మీరు శ్రుతి తప్పలేదు. మా పిల్లల్ని తట్టుకునే టీచరు దొరికిందని అందరం అనుకున్నాం.”

ఆమె రెండు చేతులతో ఫోను పట్టుకుని ఏడ్చేసింది. నర్సమ్మ కళ్లు ఒత్తుకుంది. ఇదంతా తను పరికరాలు చూసి ఎంచుకోవడం వల్లే సాధ్యమైందని ఇంజనీరు బావమరిదికి వివరించడం మొదలుపెట్టాడు.

సోమవారం నుంచే బడిలో చేరమన్నారు, కాకపోతే ఇంట్లోవాళ్లెవరినీ వెంట తీసుకురావద్దన్నారు.