మిల్లుకెక్కిన వంటింటి బండ

శనివారం ఉదయం ఆఫీసుకు బయలుదేరిన భార్య చెప్పులేసుకుని గుమ్మంలో ఆగింది.

"సాయంత్రం నేనొచ్చేసరికి మీ మెషిన్ ఒక్క సున్నా సరిగ్గా చెక్కాలి. లేదంటే వెనక గది నాది. నా కుట్టుమిషన్ అక్కడికి జరిపేస్తా. అప్పుడు గొణక్కూడదు మరి."

"సరే, ఒప్పుకున్నా," అన్నాడు హార్డ్‌వేర్ షాపాయన. ఒప్పుకున్న బేరం నుంచి వెనక్కి పోవడం అతని వ్యాపారంలో లేదు.

ఆ గదిలో ఉన్నది చిన్న సీఎన్‌సీ మిల్లు. కంప్యూటర్ ఎటు చెబితే అటు కట్టరు కదిలి చెక్కను చెక్కుతుంది. దాంతో ఇంటి నంబర్ల పలకలు చేసి షాపులో అమ్మాలని అతని ఆశ. ఆ మిల్లుకు సామాను ఎంచడంలో అతనికి ఒకటే నియమం: అమ్ముడుపోక దుమ్ముకొట్టుకున్న సరుకే వాడాలి. అమ్ముడుపోయే వస్తువును ఇంటికి తెచ్చుకోవడమంటే తన జేబు తనే కొట్టుకోవడమని లెక్క. అందుకే కట్టరు జారడానికి టేబుల్ సొరుగుల ఛానళ్లు, అడుగున తడిసి ఉబ్బిన ప్లైవుడ్డు పెట్టాడు. మోటార్లు, వైర్లు చూసుకుంటున్న బావమరిది మొదటిరోజు మొత్తుకున్నదే ఆ ఉదయమూ మొత్తుకున్నాడు.

"బావా, సొరుగు ఛానల్ సొరుగుకే బాగుంటుంది. ఇది ఊగుతుంది."

"ముందు గీయనీయరా."

మిల్లు సున్నా గీసింది. బావమరిది ఆ చెక్కముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏ కోడి పెట్టింది బావా దీన్ని?"

షాపాయన గుండె రాయి చేసుకుని షాపుకు వెళ్లి, ఛానళ్ల బదులు రోజూ అమ్ముడుపోయే సరుకులోంచే ఉక్కు గైడ్లు తెచ్చాడు. ఆ బాధ ఇంకా చల్లారకముందే బావమరిది రెండో మాట అన్నాడు.

"గైడ్లు బాగున్నాయి. కానీ ఈ ఉబ్బిన చెక్క మీద బిగిస్తే అవీ ఊగుతాయి. కింద కదలని బరువు కావాలి. మందపాటి ఇనుప పలకైనా సరే..."

మళ్లీ కొనడమా! షాపాయన చూపు గదంతా తిరిగి, గుమ్మం దాటి, వంటింట్లో ఆగింది. పొయ్యి కింద నల్లటి రాతిబండ. రెండు ఇటుక గోడల మీద ఉంది. సిమెంటు ఎప్పుడో వదిలేసింది.

"వద్దు బావా," అన్నాడు బావమరిది, ఆ చూపు ఎక్కడాగిందో గమనించి. "అక్క మనిద్దర్నీ కలిపి పాతేస్తుంది."

"సోమవారం కొత్త బండ తెస్తానుగా. పాతది పోయి కొత్తది వస్తుంటే ఎవరు కాదంటారు?"

"అక్కతో ఇన్నేళ్లు కాపురం చేసి కూడా ఈ మాటంటున్నావంటే, నీ ధైర్యానికో దండం."

పొయ్యి, గిన్నెలు, డబ్బాలు వరండాలోకి చేరాయి. లోపలి దారి ఇరుకు కాబట్టి బండను కూడా వరండా మీదుగానే మోయాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే మేడమీది పిన్నిగారు మెట్లు దిగి దారికడ్డంగా నిలబడింది.

"ఏం నాయనా, ఇల్లు మారుతున్నారా?"

బండ అంచు షాపాయన గడ్డానికి ఆని ఉంది. నోరు తెరిస్తే నాలుక నలుగుతుంది. పక్కకు జరగమని తల గట్టిగా ఊపాడు. పిన్నిగారు దాన్ని అవుననుకుని, పక్కకు కాదు, తిన్నగా పక్కవీధిలో ఉన్న ఇంటి ఓనరు దగ్గరకే నడిచింది.

ఇక్కడ రాతి డ్రిల్లు మోగింది. బండకు రంధ్రాలు పడ్డాయి, గైడ్లు బిగిశాయి. ఇక ఆ బండ తిరిగి వంటింటి ముఖం చూడదని ఇద్దరికీ తెలుసు, పైకి అనలేదంతే. సాయంత్రానికి కట్టరు తిరిగింది. చెక్కముక్క మీద చక్కటి సున్నా, గుండ్రంగా. షాపాయన దాన్ని రెండు చేతులా పట్టుకుని మురిసిపోతుండగా వరండాలోంచి గొంతు వినిపించింది.

"నా పొయ్యి బయటెందుకుంది?"

అతను సున్నాను అడ్డం పెట్టుకుని బయటికొచ్చాడు. "చూడు, గుండ్రంగా..."

"పొయ్యి సంగతి చెప్పండి!"

చెప్పేలోపే గేటు దబాల్న తెరుచుకుంది. ఓనరు రొప్పుతూ వచ్చి పొయ్యినీ గిన్నెలనూ చూసి నీరుకారిపోయాడు.

"అంత తొందరేంటమ్మా! ఆ వంటగట్టు వదులైందని నువ్వు చెప్పినప్పుడే బాగుచేయించాల్సింది. తప్పు నాదే. అంతమాత్రానికి ఇల్లు మారిపోతారా?"

"అయ్యో, మేం మారడంలే..." అనబోయిన షాపాయన కాలిమీద భార్య చెప్పు పడింది. ఆమె ఒకసారి పొయ్యిని, ఒకసారి వెనక గదిలోని బండను చూసింది. కోపం ఎటు పోయిందో గానీ గొంతు మెత్తబడింది.

"మాకు మాత్రం సరదానా బాబాయిగారూ? పొయ్యి పెట్టుకునే చోటే లేదు, మీరే చూడండి."

"రేపే మేస్త్రీని పంపిస్తా. కొత్త గట్టు, గోడకు టైల్సు."

"ఈయన మెషిన్ వల్ల గది కూడా చాలట్లేదు."

"మెట్ల కింద గది ఖాళీయే కదమ్మా. తాళం ఇచ్చేస్తా, వాడుకోండి!"

"ఏమంటారండీ?" అంది భార్య, మొగుడి మాటమీదే ఇల్లు నడుస్తున్నట్టు.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బేరాలాడుతున్న షాపాయనకు ఇంత మంచి బేరం ఎప్పుడూ తగల్లేదు. తల ఊపాడు.

ఓనరు నిశ్చింతగా వెళ్లిపోయాడు. బావమరిది గోడకు తిరిగి నవ్వాపుకుంటున్నాడు. షాపాయన లెక్క చూసుకున్నాడు: సున్నా గుండ్రంగానే వచ్చింది, పందెం తనదే, మిల్లు మెట్ల కిందికి, వెనక గది మాత్రం ఆవిడది. అయినా ఎందుకో లాభంలోనే ఉన్నట్టుంది.

భార్య వెనక గదిలోకెళ్లి, కుట్టుమిషన్ ఏ కిటికీ దగ్గర వేయాలో చూసుకుని, మిల్లు చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏమండీ, ఆ పుచ్చిపోయిన స్నానాలగది తలుపు కూడా దీనికేమైనా పనికొస్తుందేమో చూడండి."