ఒక చెయ్యి విరిగితే ఆఫీసుకెంత మేలు!

ప్రతి ఆఫీసులోనూ ఏడాదికొక చెయ్యయినా విరగాలి! ఊరికే అనడం లేదు. అమీర్‌పేటలో ఫ్యాక్టరీ భద్రత మీద కోర్సు చెప్పి బతుకుతున్నవాణ్ణి.

కొత్త సేఫ్టీ బ్యాచ్ మొదలైందని మా ఇన్‌స్టిట్యూట్ గోడకు ఫ్లెక్స్ కట్టాలి. నిచ్చెన లేదా? ఉంది, డెమో గదిలో. దానికి మరకలంటితే రేపు విద్యార్థులకేం చూపిస్తాం? అందుకని ఎలక్ట్రీషియన్ ముషర్రఫ్ భాయ్‌ని రివాల్వింగ్ చైర్ ఎక్కించాం.

"సార్, గిది తిరుగుతది. జర ఎవరన్న పట్టుకోండ్రి."

"ఏంటి భాయ్, రెండు నిమిషాల పనికి ఇంత భయమా?" అన్నారు డైరెక్టర్ చక్రపాణి గారు.

పట్టుకోవాల్సిన వాళ్ళమంతా ఫోటో తీస్తున్నాం. కుర్చీ తిరిగింది. భాయ్ కుడిచెయ్యి విరిగింది.

ప్రమాదానికి ప్రత్యక్షం, పరోక్షం అని రెండు ఖర్చులుంటాయని మా పాఠం. ప్రత్యక్ష ఖర్చు ఎక్స్‌రే, కట్టు. సంస్థే పెట్టుకుంది! ఇక పరోక్ష ఖర్చంటారా, అబ్బో, అంతా లాభమే! చూసే భాయ్ లేక ఏసీ ఆగింది, విద్యార్థులకు చెమట విలువ తెలిసింది. ప్రొజెక్టర్ ఆగింది, నాకు సుద్దముక్క రుచి తెలిసింది. పంజాగుట్ట ఆసుపత్రికి పరామర్శకు వెళ్ళిన స్టాఫ్ అట్నుంచటే బిర్యానీకి పోయారు. టీమ్ బిల్డింగ్! తాత్కాలికంగా వచ్చిన కొత్త ఎలక్ట్రీషియన్ ఏదో నొక్కితే లిఫ్ట్ ఆగింది. అందులో ఇరుక్కున్న హెచ్‌ఆర్ మంజూష గారికి ఎన్నాళ్ళకో తీరిగ్గా ఆలోచించే అవకాశం దొరికింది.

బయటికొస్తూనే ఆలోచన చెప్పారు: భాయ్‌కి రాని రోజులకు జీతం లేదు, సోమవారానికి రాకపోతే కొత్తాయనే పర్మనెంటు.

భాయ్ భార్య అర్జూ కుట్టుమిషన్ మూసేసి మొగుడికి ముద్దలు కలిపి పెట్టింది. ఎంత అన్యోన్యం! ఆ మూసిన మిషన్‌ని ఏ ఖర్చులో రాయాలో మా సిలబస్‌లో లేదు.

సోమవారం పొద్దున్నే భాయ్ దిగాడు, మెడలో వేలాడే కట్టుతో.

"డాక్టర్ ఇంకా పనికి పొమ్మనలేదు కదా భాయ్?" అన్నాను.

"ఇంటి కిరాయి డాక్టర్ కడ్తడా సార్?"

చక్రపాణి గారు అందర్నీ పిలిచి, "చూడండి, డెడికేషనంటే ఇదీ!" అన్నారు. చప్పట్లు మోగిపోయాయి. భాయ్ పళ్ళబిగువున నవ్వి, ఎడమచేత్తో స్క్రూడ్రైవర్ అందుకుని ఏసీ విప్పాడు. మధ్యాహ్నానికల్లా గది చల్లబడింది.

ఇందులో నష్టమేముందో మీరే చెప్పండి! నొప్పి ఆయనది, చల్లగాలి మాది.