గండయ్య యాట, శివకృష్ణ పొట్ట

ఆ ఆదివారం శివకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే మహబూబ్‌నగర్‌లో బస్సెక్కి మక్తల్ దగ్గరున్న సింధూజ వాళ్ల ఊరికి వెళ్లడం, ఆమె తల్లిదండ్రులకు దండం పెట్టడం, వాళ్లు పెట్టింది రెండు ముద్దలు తినడం, పిల్లనిస్తామన్న మాట తీసుకుని సాయంత్రం బస్సుకు తిరిగి రావడం. ఇందులో గండం ఆ రెండు ముద్దల దగ్గరే ఉందని అతనికి తెలుసు.

అంతకు మించి అతని పొట్టలో పట్టదు. ఏడాది కిందటి వరకు శివకృష్ణ నూట ముప్పై కిలోల మనిషి. అతని బరువుకు బ్యాంకులో కుర్చీలు ఎక్కువ రోజులు ఆగేవి కావు. హైదరాబాద్ వెళ్లి పొట్టను చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నాక బరువు సగానికి దగ్గరగా దిగిపోయింది. దాంతోపాటు నెత్తిమీది జుట్టూ కొంత పోయింది. మెడ కింద, చేతుల కింద చర్మం వదులైంది. తీపి తింటే అది గబుక్కున పేగుల్లోకి జారి చెమటలు, గుండెదడ పుట్టిస్తుందనీ, అప్పుడు ఇంకేమీ తినకుండా కాసేపు పడుకుంటే అదే తగ్గిపోతుందనీ డాక్టరు చెప్పి పంపాడు.

అదే బ్యాంకులో పనిచేసే సింధూజకు ఇదంతా తెలుసు. ఆమె తండ్రి గండయ్యకు తెలియదు.

"ఆపరేషన్ మాట ఎత్తకు," అని ఆమె ముందే హెచ్చరించింది. "మా బాపు లెక్కల కడుపు కోసినంక బతికేది ఏదీ లేదు. యాటలను కోసీ కోసీ ఆయనకు గట్ల అలవాటైంది. పెండ్లయినంక నేనే మెల్లగ చెప్త."

గండయ్య గొర్రెలు పెంచి సంతలో అమ్మే మనిషి; గొర్రెను ఆ ఇంట్లో యాట అంటారు. వాకిట్లోకి వచ్చిన కుర్రవాణ్ణి చూశాడు. ఫోను తీసి కూతురు పంపిన ఫోటో చూశాడు. మళ్లీ కుర్రవాణ్ణి చూశాడు. ఆ ఫోటో పాతది. అందులోని నిండైన మనిషిని చూసే ఆయన ఈ సంబంధానికి సగం ఒప్పుకున్నాడు.

"మీ అన్న రాలేదా?" అని అడిగాడు.

"మా అన్న ఎవరు?"

"శివకృష్ణ."

"నేనే శివకృష్ణ."

"ఆధార్ కార్డు ఉన్నదా?"

ఆధార్ కార్డులో శివకృష్ణ ఇంకా లావుగా ఉన్నాడు. గండయ్య దాన్ని భార్య జానమ్మకు చూపించాడు. "చూసినవా? గీడ గూడ ఆయననే ఉన్నడు. సంతల గిట్లనే చేస్తరు. ఒక పొట్టేలును చూపెట్టి ఇంకోదాన్ని తోల్తరు."

"ఆయనే, బాపు. జర సన్నవడ్డడు," అంది సింధూజ. "రోజూ నడుస్తడు."

"నడిస్తె గింత పోతదా? మన యాటలు పుట్టినకాన్నుంచి నడుస్తనే ఉన్నయి."

సంతలో గొర్రె నడుము పట్టి చూడటం అలవాటైన చెయ్యి గండయ్యది. శివకృష్ణ చేతి కింది చర్మాన్ని పట్టి లాగి వదిలింది. చర్మం వెనక్కి పోవడానికి తొందరపడలేదు.

"మనిషి ఆయననే," అని గండయ్య తేల్చాడు. "బలిసి దిగిపోయిండు. లోపల పురుగులున్నయి. రెండు మూతల మందు తాపితె సక్కగైతడు."

గొర్రెలకు తాపే మందు సీసా ఇంట్లోనే ఉంది. సింధూజ చప్పుడు చేయకుండా లోపలికి పోయి దాన్ని బియ్యం డబ్బాలో దాచింది.

కాబోయే అల్లుడి కోసం ఆ పొద్దున ఒక యాటను కోశారు. ఒక్క ఇంటికి యాట మొత్తం ఎక్కువ. అందుకని అలవాటు ప్రకారం తమ వంతు తీసుకుని, మిగతా మాంసాన్ని పోగులు పెట్టి వాడకట్టులో తలా ఒకటి ఇచ్చారు. పగటి భోజనం వేళకు ఆ వాడలో ప్రతి పొయ్యి మీదా ఉడికింది గండయ్య యాటే.

విస్తట్లో జొన్నరొట్టె, తలకాయ కూర, బోటి, పక్కన గిన్నె నిండా ముక్కలు వచ్చాయి. డాక్టరు చెప్పినట్టు శివకృష్ణ ఒక ముక్కను పిండి అయ్యేదాకా నమిలాడు. జానమ్మకు కంగారు పుట్టింది.

"కూర ఉడకలేదా బిడ్డా?"

"మంచిగుడికింది అమ్మా."

"మరి పండ్లు నొస్తున్నయా?"

మూడో ముద్దకు శివకృష్ణకు గొంతు దాకా నిండిపోయింది. చెయ్యి ఆగింది. ఎదురుగా గండయ్య చెయ్యి కూడా ఆగింది.

"చెయ్యి కడుగుతవా? గిప్పుడు చెయ్యి కడిగినవంటె మా పిల్ల నీకు వద్దన్నట్టే."

"అయ్యో, గట్ల కాదు."

"అయితె గీ పోలె తిను. నోరు తీపి చేసుకుంటె మాట ఖాయమైనట్టు."

బెల్లం పూర్ణం నిండిన పోలె, దాని మీద గరిటెడు నెయ్యి. తండ్రి వెనక నిలబడి సింధూజ వద్దు వద్దని తల ఊపింది. ఆ తల ఊపే పిల్ల కోసమే కదా వచ్చింది అనుకుని, శివకృష్ణ పోలె మొత్తం తినేశాడు. ప్రేమ కోసం విషం తాగినవాళ్లున్నారు. వాళ్లకు కనీసం నెయ్యి వేయరు.

పావుగంటలో చొక్కా తడిసింది. గుండె కొట్టుకోవడం తనకే వినిపించింది.

"షుగర్ పడిపోయినట్టుంది," అంటూ జానమ్మ చెంబెడు బెల్లం పానకం కలిపింది.

"అమ్మా, తాపకు," అంది సింధూజ.

"నీకేమెరుక. మా అన్నకు గిట్లనే అయితది."

పానకం లోపలికి పోవడంతో అంతవరకు కాస్తో కూస్తో మర్యాద పాటించిన గుండె పరుగందుకుంది. శివకృష్ణ వాకిట్లో ఉన్న నులక మంచం దాకా నడిచి, దాని పక్కనే కక్కుకుని, మంచం మీద పడిపోయాడు.

పక్కింటి హనుమమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "ఏం తిన్నడు?"

"యాట కూర," అంది జానమ్మ. ఆమెకు అబద్ధం చెప్పే అలవాటు లేదు.

హనుమమ్మ అప్పుడే రెండోసారి వడ్డించుకుని తిని వచ్చింది. ఆమె చెయ్యి తనంత తానే పొట్ట మీదికి పోయింది.

కాసేపట్లోనే గండయ్య యాటకు రోగమున్నదన్న మాట వాడ ఆ చివరికి చేరింది. హనుమమ్మ తన వాకిట్లో మంచం వాల్చింది. ఎదురింటి రఘుపతి గొంతులో వేలు పెట్టుకున్నాడు. నిన్న ఆ యాట దగ్గిందని ఎవరికో గుర్తొచ్చింది. దుమ్ములో నడిచే ఏ గొర్రెయినా దగ్గుతుంది గానీ, ఆ మాట వినే ఓపిక ఎవరికీ లేదు. ఆ వెంటనే మాట సంత దాకా పాకి, అక్కడ గొర్రెలు కొనే బేరగాడు ఫోను చేశాడు: "గండన్నా, రేపు నీ మందను తేకు. జర ముచ్చట చల్లవడనియ్యి."

అప్పటికి పొట్టలు పట్టుకుని పదిమంది వాకిట్లోకి వచ్చారు.

"రోగపు యాటను మాకు పోగులేసినవా గండయ్యా?" అని రఘుపతి మూలిగాడు.

గండయ్య శివకృష్ణను రెక్క పట్టి లోపలికి తీసుకుపోయి తలుపు వేశాడు. పడుకోవడం వల్ల అప్పటికే చెమటలు ఆరి, శివకృష్ణ మామూలు మనిషి అయ్యాడు.

"బాపు, యాటకేం కాలేదు," అంది వెనకే లోపలికి వచ్చిన సింధూజ. ఇక దాచి లాభం లేక అంతా చెప్పేసింది.

గండయ్య శివకృష్ణ పొట్ట వైపు చూశాడు.

"కడుపు కోయించుకున్నవా?"

"అవును."

"బతికినవా?"

"బతికిన."

"ఎంత తీసిండ్రు?"

"ముప్పావు వంతు."

సంబంధం అక్కడితో అయిపోయిందని శివకృష్ణ చెప్పుల కోసం చూశాడు. గండయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు. బయట అరుపులు పెరుగుతున్నాయి.

"గీ ముచ్చట బయట చెప్తవా బిడ్డా?"

"మా బ్యాంకుల గూడ సింధూజకు తప్ప ఎవ్వలకు చెప్పలేదు."

"జర చెప్పు. సంతల నా పేరు పోతాంది."

శివకృష్ణ బ్యాంకులో అప్పుల విభాగంలో పనిచేస్తాడు. అవసరం ఎవరిదో గుర్తుపట్టడం అతని ఉద్యోగం.

"అల్లునిగ చెప్పాల్నా, పరాయోనిగ చెప్పాల్నా?" అని మెల్లగా అడిగాడు.

గండయ్య అతన్ని మొదటిసారి గౌరవంగా చూశాడు. ఇంత గట్టి బేరం ఆయన సంతలో కూడా ఎరగడు.

"అల్లునిగనే," అన్నాడు.

మరుక్షణం తలుపు తెరిచి, అల్లుణ్ణి ముందుకు నెట్టి, తన చేత్తో అతని చొక్కా పైకెత్తాడు. "చూడుండ్రి. మా అల్లుడు హైదరాబాద్‌ల కడుపు కోయించుకున్నడు. ముప్పావు వంతు తీసేసిండ్రు. పోలె వడక పడిపోయిండు. యాటకు ఏ రోగం లేకుండె."

హనుమమ్మ మంచం దిగి, గోడ దాటి వచ్చి, పొట్ట మీది కోతల మచ్చలను ఒక్కొక్కటీ ముట్టుకుని చూసింది. సొంత మేనమామకు కూడా చెప్పని రహస్యాన్ని శివకృష్ణ చొక్కా ఎత్తుకుని నిలబడి వాడకట్టంతటికీ రెండుసార్లు వివరించాడు. రెండోసారి చెప్పమన్నది వెనక నిలబడ్డవాళ్లు.

"మరి మాకెందుకు నొస్తాంది?" అంది హనుమమ్మ.

"ఎక్కువ తిన్నరు," అన్నాడు శివకృష్ణ. ఆ విషయంలో అతనికి అనుభవం ఉంది.

నొప్పులు ఒక్కొక్కటే తగ్గాయి. గండయ్య బేరగాడికి ఫోను కలిపి, అల్లుడి ఆపరేషన్ సంగతి సంత మొత్తానికి వినిపించేంత గట్టిగా చెప్పాడు. జనం ఇళ్లకు మళ్లారు. అందరికంటే ఎక్కువ మూలిగిన రఘుపతి మాత్రం గడప దగ్గర ఆగి, అంత చిన్న పొట్ట ఉన్నవాడి వంతు కూర ఏం చేశారని జానమ్మను అడిగాడు.