జపాను రోడ్ల డిస్కు

ఆ గురువారం పొద్దున జెక్షెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. డిస్కు తేవాలి. దానికి నకలు తీయించాలి. పొద్దు గూకేలోగా దాన్ని మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టించేయాలి. మధ్యలో ఎవరితోనూ పెద్దగా మాట్లాడే పని లేదు. అందుకే ఆ పథకం అతనికి నచ్చింది.

అతనిది జపాను నుంచి వచ్చిన పాత కారు. ముందు భాగంలో ఒక తెర ఉంది. జపాను రోడ్ల పటం ఉన్న డిస్కు పెడితేనే ఆ తెరకు ప్రాణం వస్తుంది. లేకపోతే రెండు వరుసల జపాను అక్షరాలు చూపించి ఊరుకుంటుంది. రేడియో కూడా పలకదు. ఆ పటంలోని రోడ్లలో ఒక్కటి కూడా వీళ్ళ కొండల దాకా రాదు. అయినా అది లేనిదే పాట లేదు. ఒక కారు డిస్కు ఇంకో కారుకు పనికిరాదు. ఊళ్ళో ఇలాంటి కారున్న ప్రతివాడూ ఆ డిస్కును తాళంచెవి కన్నా జాగ్రత్తగా చూసుకుంటాడు.

జెక్షెన్ దగ్గర తాళంచెవి ఉంది. డిస్కు అన్న దగ్గర ఉంది.

అన్నదమ్ములిద్దరూ గుర్రాలమ్మి ఆ కారును ఉమ్మడిగా కొన్నారు. తండ్రి పోయాక పెద్దలు కూర్చుని, తండ్రి ఇల్లు కడగొట్టువాడిదే కదా, ఇంటి ముందున్న కారూ వాడిదే అన్నారు. అన్న ఒరోజాలీ లేచి బయటికి నడిచాడు. కారు తలుపు తీశాడు, చేతికి ఊడి వచ్చేది అదొక్కటే కనక డిస్కు లాక్కుని వెళ్ళిపోయాడు. అది జరిగి ఏడేళ్ళు. వీధికి ఆ చివర ఆయన, ఈ చివర ఇతను. మాటల్లేవు. నిజానికి జెక్షెన్‌కు పెద్ద తేడా తెలియలేదు. అంతకు ముందూ అతను మాట్లాడింది తక్కువే.

తేడా ఈ చలికాలం తెలిసింది. అతని భార్య ఉల్కాన్‌కు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు పట్నం తీసుకెళ్ళి, మిషను పెట్టి రక్తం కడిగించాలి. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. భార్యతో చెప్పాల్సిన మాటలన్నీ జెక్షెన్ పెళ్ళయిన రెండో ఏటికే చెప్పేశాడు. పోయిన వారం తిరిగొస్తుంటే ఆమె కిటికీ అద్దానికి తల ఆనించి అంది.

"ఏమయ్యా, ఈ కారులో కూర్చుంటే నన్ను ముందే పాతిపెట్టేసినట్టుంది. ఒక్క పాటైనా వినబడితే బాగుండు."

అతను ఇంటికొచ్చి మూడు రోజులు ఆలోచించాడు. అన్న గడప తొక్కి అడగడం కన్నా దొంగతనమే తేలికనిపించింది.

వదిన బాత్మా తెల్లవారగానే కంచె దగ్గరికి వచ్చి, కొంగు చాటు నుంచి గుడ్డలో చుట్టిన డిస్కు తీసి ఇచ్చింది.

"పెట్టె అడుగున దాచుకున్నాడు మరిదీ, బంగారంలాగా. మీ అన్న కొండ మీద మందల దగ్గరున్నాడు. సాయంత్రం స్నానానికి దిగుతాడు. ఆలోగా ఇది పెట్టెలో లేకపోతే నన్ను పెట్టెలో పెడతాడు."

"ఊఁ," అన్నాడు జెక్షెన్.

"ఆ ఊఁ కాస్త గట్టిగా అను. నాకు ధైర్యంగా ఉంటుంది."

నకలు తీసేవాడు షేర్‌గాజీ. బస్సులు ఆగే చోట ఫొటోల దుకాణం. కారులో పెట్టి చూసుకోవాలి గనక కంప్యూటరును దుప్పట్లో కట్టుకుని ఇంటికే వచ్చాడు. వస్తూనే తన షరతు చెప్పాడు.

"నేను నకలు తీస్తాను గానీ లోపల ఏముందో చూడను బాబాయ్. ఒకసారి ఎవరిదో చూశాను. రెండు కాపురాలు కూలిపోయాయి."

"జపాను రోడ్లే," అన్నాడు జెక్షెన్.

"ఎవరి రోడ్లు వాళ్ళవి. నేను చూడను."

ఉల్కాన్ లోపలి గదిలో పడుకుంది. మిషను లేని రోజుల్లో ఆమె మధ్యాహ్నం దాకా లేవదు. ముందు గదిలో కంప్యూటరు పెట్టి మొదటి నకలు తీశారు. కారులో పెట్టారు. తెర మీద అవే రెండు వరుసల అక్షరాలు. షేర్‌గాజీ లోపలికి వచ్చి గది పైకప్పు వంక చూశాడు. ముందురోజే సున్నం వేశారు, సన్నగా రాలుతోంది.

"ఇదిగో, దుమ్ము. దుమ్ము రేణువు పడితే నకలు గుడ్డిదైపోతుంది. దుమ్ము లేని చోటు కావాలి."

బయట ఊరవతలి సరస్సు మీంచి గాలి కొడుతోంది. పెరడంతా మట్టి లేస్తోంది. జెక్షెన్ కొట్టంలోకి వెళ్ళి, తండ్రి నాటి గుడారాన్ని బయటికి ఈడ్చాడు. గుండ్రని పాత గుడారం. చెక్క జాలీ, మీద బూడిద రంగు ఉన్ని కంబళి. ఇద్దరే మనుషులు. జాలీ నిలబెట్టి, వాసాలు సగం ఎత్తి, గాలి వచ్చే వైపు కంబళి కట్టేసరికి నడుములు విరిగాయి. కిటికీలోంచి కరెంటు తీగ లాగారు. ఆ సగం గుడారంలో రెండో నకలు తీశారు.

రెండు వరుసల అక్షరాలు.

మూడోది తీశారు. రెండు వరుసల అక్షరాలు.

"అయితే అసలు డిస్కే పెట్టి చూద్దాం బాబాయ్. అది పలికితే తప్పు నా మిషనుది."

అసలుది పెట్టారు. తెర అవే రెండు వరుసలు చూపించి ఊరుకుంది.

ఇద్దరూ చాలాసేపు ఆ తెర వంక చూశారు. ఏడేళ్ళు బంగారంలా దాచిన వస్తువు ఒక్క పూటలో తమ చేతుల్లో పాడైపోయింది. షేర్‌గాజీ ముఖం తెల్లబోయింది. ఇంకోసారి తుడిచి చూస్తానంటూ గుడారంలో దూరాడు. జెక్షెన్ గుడారం వాకిట్లో మిగిలిన వాసం ఒకదాన్ని కర్రలా నేల కానించి, నడుము నొప్పికి వంగి, నిలబడిపోయాడు. సాయంత్రం వదిన గతి ఏమిటా అని ఆలోచిస్తున్నాడు. అతని ముఖం మామూలుగానే బాగుండదు. ఇప్పుడు మరీ బాగాలేదు.

ఎదురింటి అపాల్ పాలబిందెతో వీధిలోకి వచ్చి అతన్ని చూసింది. ఆ ఊళ్ళో ఏ పండగా లేని రోజు పెరట్లో గుడారం లేచిందంటే దానికి ఒకటే కారణం. చచ్చిన మనిషిని పడుకోబెట్టడానికి. ఆ వాకిట్లో మగవాడు కర్ర మీద వంగి నిలబడ్డాడంటే ఇంక అడగాల్సింది లేదు. ఉల్కాన్ జబ్బు సంగతి ఎలాగూ ఊరందరికీ తెలుసు. అపాల్ బిందె దించి, గొంతెత్తింది.

"ఓ నా తల్లీ! ఓ నా బంగారూ! నన్నొదిలి పోయావా!"

జెక్షెన్ తలెత్తి చూసేలోగా ఆమె వచ్చి భుజం మీద పడి ఏడ్చింది. కాదని చెప్పడానికి అతను నోరు తెరిచాడు. అతని నోట్లో మాట తయారు కావడానికి టైము పడుతుంది. అది తయారయ్యేలోగా అపాల్ మొగుడు వచ్చి కావలించుకున్నాడు. ఆ తర్వాత కమ్మరి వచ్చాడు. ఆ తర్వాత వీధి వీధంతా వచ్చింది. ఒకరు పిండి బస్తా దించారు. అపాల్ మొగుడు వెనక్కి పరుగెత్తి తన గొర్రెను కోసేశాడు. ఎవరో గుర్రమెక్కి కొండ మీదికి, ఒరోజాలీకి కబురు చెప్పడానికి పోయారు.

బాత్మా పరుగున వచ్చి, ఏడుస్తూనే మరిది చెవిలో గొణిగింది.

"అయ్యో మరిదీ, ఎంత పనైంది! డిస్కేదీ? ఆయనకు కబురెళ్ళింది, దిగొచ్చేస్తాడు, డిస్కేదీ?"

"ఆమె..." అన్నాడు జెక్షెన్.

"తెలుసయ్యా, ఓర్చుకో. డిస్కేదీ?"

ఉల్కాన్ ఏడుపులకు లేచింది. పాపం ఎవరో పోయారనుకుని కిటికీ దగ్గరికి వచ్చి, పరదా పక్కకు జరిపింది. కాసేపు విన్నాక పోయింది తనేనని అర్థమైంది. బయటికి వెళ్దామనుకుంది. కానీ అపాల్ అప్పుడే ఆమె వంట గురించి మొదలుపెట్టింది.

"ఆ చేతి పెరుగు! ఓ నా తల్లీ, ఆ పెరుగు మళ్ళీ ఎక్కడ తింటాం!"

"పోయిన ఏడే పులుపని ఊరంతా చాటింది," అనుకుని ఉల్కాన్ కిటికీ పక్కన కుర్చీ వేసుకుంది. ఇంకెవరేం అంటారో వినాలనిపించింది. ఈ చలికాలంలో ఆమె ముందు ఇన్ని మాటలు ఎవరూ మాట్లాడలేదు.

అంతలో వీధి చివర గుర్రం డెక్కలు వినబడ్డాయి. ఒరోజాలీ ఆచారం తప్పకుండా దూరం నుంచే గొంతెత్తి ఏడుస్తూ వచ్చాడు. జీను మీద అటూ ఇటూ తూలుతున్నాడు. గుర్రం ఆగకముందే దిగి, తమ్ముడి మెడ మీద పడ్డాడు. ఏడేళ్ళ తర్వాత అన్నదమ్ములు ఒకరినొకరు ముట్టుకోవడం అదే.

"నా తమ్ముడా! నా ఇంటి కోడలు పోయిందా! నేను పాపిష్టివాణ్ణిరా!" అంటూ కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టి, ఒక డిస్కు తీసి అందరి ముందూ ఎత్తి చూపించాడు. "ఈ దిక్కుమాలినదాన్ని ఏడేళ్ళు గుండె మీద మోశాను. ఒక్కసారి వచ్చి అడుగుతాడు, ఇచ్చేద్దామని మోశాను. వీడు నోరు విప్పలేదు. ఆ పిల్ల మూగ కారులో ఆసుపత్రికి తిరిగి తిరిగి పోయింది! వీడికెలాగూ మాట రాదు. రేడియో అన్నా దక్కనివ్వలేదు నేను!"

అందరూ గొల్లుమన్నారు. జెక్షెన్ ఆ డిస్కు వంక చూశాడు. అతని మాట చివరికి తయారైంది.

"ఆమె బతికే ఉంది," అన్నాడు.

ఎవరూ నమ్మలేదు. దుఃఖంలో మనిషి అలాగే అంటాడని కమ్మరి అతని వీపు నిమిరాడు. అప్పుడు కిటికీ తెరుచుకుంది.

"బావగారు దూరం నుంచి వచ్చారు," అంది ఉల్కాన్. "టీ పెట్టనా?"

జెక్షెన్ వీపు మీద కమ్మరి చెయ్యి ఆగిపోయింది. అపాల్ ఒక్కతే తేరుకుని కళ్ళు తుడుచుకుంది.

"అయితే నేను పడ్డ ఏడుపంతా వృథానా?"

"దాచుకో అపాల్. ఎక్కువ రోజులు పట్టదులే," అంది ఉల్కాన్.

ఒరోజాలీ ముఖం ఎర్రబడింది. డిస్కు గబుక్కున జేబులో పెట్టబోయాడు. కానీ ఏడుపు ఊరంతా వినేసింది. ఏడుపును మళ్ళీ జేబులో పెట్టడం కుదరదు. ఆ సందులో షేర్‌గాజీ గుడారంలోంచి తల బయట పెట్టాడు.

"ఆగండి. అది ఆయన జేబులో ఉంటే, పొద్దుట్నుంచీ నేను మూడుసార్లు నకలు తీసింది దేన్ని?"

అతను తన నియమం తప్పి, జీవితంలో రెండోసారి లోపలేముందో చూశాడు. కంప్యూటరు తెర మీద పెళ్ళి పందిరి, పాట, మధ్యలో టోపీ గాల్లోకి ఎగరేస్తూ ఒరోజాలీ. ఆయన కూతురి పెళ్ళి. ఒరోజాలీ మెల్లగా భార్య వైపు తిరిగాడు.

"ఇది ఇక్కడికెలా వచ్చిందే?"

బాత్మా ముందు కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత తీసేసింది.

"ఆ పెళ్ళికి నువ్వు వీళ్ళను పిలవలేదుగా. ఇప్పుడు చూస్తున్నారు."

కోసిన గొర్రెను మళ్ళీ నిలబెట్టలేరు గనక పొయ్యి రాజేశారు. చావుకు వచ్చిన జనమంతా ఆ సగం గుడారంలో ఇరుక్కుని, మాంసం తింటూ, నాలుగేళ్ళ నాటి పెళ్ళి చూశారు. ఉల్కాన్ తినకూడదు గనక చూసింది. అంతా అయ్యాక ఒరోజాలీ లేచి, ఎవరి వంకా చూడకుండా కారు దగ్గరికి నడిచి, డిస్కు తోశాడు. తెర వెలిగింది. ఎవరో జపాను ఆడమనిషి మర్యాదగా ఏదో చెప్పింది. పటంలో కారు గుర్తు ఒక పెద్ద నీలిరంగు సముద్రం నడుమ నిలబడి ఉంది.

"డిస్కు నాది," అన్నాడు ఒరోజాలీ. "నేనుంటేనే అది కారులో ఉంటుంది. అదెక్కడికెళ్తే నేనక్కడికి. రేపెన్నింటికి బయల్దేరాలి?"

"ఏడు," అన్నాడు జెక్షెన్.

అప్పట్నుంచి వారానికి మూడుసార్లు ఒరోజాలీ వెనక సీటులో కూర్చుంటున్నాడు. ఏడేళ్ళ మాటలు ఆయన దగ్గర పేరుకుపోయి ఉన్నాయి. మందలు, తోడేళ్ళు, అల్లుడి బద్ధకం, ముసలి గుర్రం కీళ్ళు, అన్నీ వరసన చెబుతాడు. మిషను దగ్గర్నుంచి వచ్చాక ఉల్కాన్ ముఖం బూడిదలా ఉంటుంది. డాక్టరు కొత్తగా చెప్పేదీ ఏమీ ఉండదు. అయినా కిటికీ అద్దానికి తల ఆనించడం మానేసి, సగం వెనక్కి తిరిగి కూర్చుంటోంది.

నెల తర్వాత పట్నంలో పెట్రోలు కోసం ఆగినప్పుడు షేర్‌గాజీ కనబడ్డాడు. జెక్షెన్‌ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"బాబాయ్, ఇప్పుడు అసలు డిస్కు కారులోనే ఉంది. మీ అన్నకు ఏదో ఒకటి చెప్పి పావుగంట ఇవ్వు. నకలు తీసేస్తాను. ఇంక ఆయనతో పనే ఉండదు."

జెక్షెన్ కారు వైపు చూశాడు. తెరిచిన అద్దంలోంచి ఉల్కాన్ గొంతు సన్నగా వినబడింది. "తర్వాత ఆ తోడేలు ఏమైంది బావగారూ?"

"నీ దగ్గర ఖాళీ డిస్కులు అయిపోయాయి," అన్నాడు జెక్షెన్.

"లేదే, సంచి నిండా..."

"అయిపోయాయి."

ఆ కారు రేడియోలో ఏం పాటలొస్తాయో ఇంతవరకూ ఎవరూ వినలేదు.