మనిషి చెయ్యి పడని నీళ్ళు

"ఇకమీదట మన మంచినీళ్ళ పరీక్షలో మనిషి చెయ్యి పడదు!" అని మంత్రిగారు ప్రకటించగానే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు సీసాలాయన. ఆ పడకూడని చెయ్యి అతనిదే.

వ్యానువాళ్ళు కుళాయిల దగ్గర పట్టిన సీసాలు ల్యాబు గుమ్మంలో దించితే, వాటిని లోపలికి మోసి పరీక్ష మిషన్‌లో పెట్టడం పంతొమ్మిదేళ్ళుగా అతని ఉద్యోగం. ఇప్పుడు మోయడానికి బెల్టు, మూత తీసి పొయ్యడానికి రోబో చెయ్యి వచ్చాయి. అతన్ని ఊరవతల పంపుహౌసుకి వేశారు.

"ఆ మోకాళ్ళతో రోజూ రెండు బస్సులు మారతారా? డైరెక్టరుగారి కాళ్ళావేళ్ళా పడండి," అని పొద్దున పొయ్యి మీద తాగే నీళ్ళు కాస్తూ భార్య మరీ మరీ చెప్పింది.

మంత్రిగారు బటన్ నొక్కారు. రోబో చెయ్యి ఎన్నికల ముందు నాయకుడంత వినయంగా వంగి, పది సీసాల మూతలు తీసింది. పది ఎర్రదీపాలు వెలిగాయి. స్క్రీన్ మీద "తాగడానికి పనికిరావు" అని వచ్చింది.

విలేకర్లు పెన్నులు తీశారు. మంత్రిగారు తొణకలేదు. ఆ మాత్రం సమయస్ఫూర్తి లేకుండానే నాలుగుసార్లు గెలిచారా!

"కొత్త మిషన్ కదా, మన నీళ్ళకి ఇంకా అలవాటు పడలేదు. మీరు టీ తాగి రండి."

తలుపు మూశాక ఆయన డైరెక్టరు మీద విరుచుకుపడ్డారు. "నిన్నటిదాకా అన్నీ పాసయ్యాయి కదయ్యా!"

డైరెక్టరు సీసాలాయన వంక చూశాడు.

"దారిలో డైరెక్టరుగారి గదిలో ఒక్క నిమిషం ఆగేవాణ్ణండి," అన్నాడు సీసాలాయన. "ఫిల్టరు అక్కడుంది కదండీ. సీసాలు ఖాళీ చేసి, ఆ నీళ్ళు పట్టేవాణ్ణి."

"ఎవడు చెప్పాడు నీకు?"

"మీరేనండి. మొదటిసారి గెలిచినప్పుడు."

మంత్రిగారికి తన దూరదృష్టి మీద తనకే గౌరవం కలిగింది. బదిలీ అక్కడికక్కడే రద్దయింది. 'ఆటోమేషన్ సహాయకుడు' అని కొత్త పోస్టు పుట్టింది. మోకాళ్ళకి శ్రమ లేకుండా ఫిల్టరు పక్కనే కుర్చీ వేయించారు. బెల్టు కూడా అక్కణ్ణుంచే మొదలయ్యేట్టు జరిపించారు.

విలేకర్లు తిరిగొచ్చేసరికి పది పచ్చదీపాలు వెలిగాయి. ఈసారి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది మంత్రిగారు.

సాయంత్రం సీసాలాయన దాదాపు పరుగెత్తుకుంటూ ఇంటికెళ్ళి, బదిలీ రద్దయిందనీ పది పచ్చదీపాలూ వెలిగాయనీ చెప్పాడు. భార్య ముఖం వెలిగిపోయింది.

"అయితే అంత పెద్ద మిషనే పాస్ చేసిందన్నమాట! ఇంక ఈ నీళ్ళు కాచే బాధ తప్పినట్టే," అని పొయ్యి ఆర్పబోయింది.

సీసాలాయన గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు.

"ఆర్పకు. ఇవాళ్టి నుంచి ఇంకో పది నిమిషాలు ఎక్కువ మరగనీ."