గాలికి ఒక్క అంకె

రేపు గాలి ఎంత వీస్తుందో ఇవాళ తెలియకపోవడం మన అదృష్టం! నవ్వకండి. అన్నీ ముందే తెలిసిపోతే ఆఫీసుల్లో మెమోలు ఎవరికిస్తారు?

ఆ అదృష్టం నిండా అనుభవించిన మనిషి అహల్య. నాంపల్లిలో మూడో అంతస్తు ఆఫీసు. రేపటి రోజును పావుగంట చొప్పున తొంభై ఆరు ముక్కలు కోసి, ఏ ముక్కలో గాలిమరలు ఎంత కరెంటిస్తాయో ఇవాళే రాసివ్వడం ఆమె ఉద్యోగం. చిలక జోస్యం దీనికంటే తేలిక!

ఓ సోమవారం ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. "రేపు నాలుగింటికి ఆరొందల నుంచి పదకొండొందల మెగావాట్ల దాకా రావొచ్చు సార్. ఎందుకైనా మంచిది, గాలి తగ్గితే ఆదుకోవడానికి బొగ్గుతో నడిచే యూనిట్ ఒకటి తయారుగా పెట్టుకుందాం."

ఆఫీసరు భావనారాయణగారికి ఒళ్లు మండింది. "నుంచీ, దాకా అంటే పైవాళ్లకి నేనేం చెప్పేదండీ? ఒక్క అంకె చెప్పండి!"

ఆహా, ఒక్క అంకె! ఎంత ముచ్చటగా ఉంటుంది! అహల్య కళ్లు మూసుకుని ఎనిమిదొందల యాభై అని రాసింది. బొగ్గు యూనిట్ అక్కర్లేదని ఆయన సంతకం పెట్టేశారు.

మంగళవారం నాలుగింటికి గాలి ఆరొందల పది దగ్గర ఆగి ఆవులించింది. అబిడ్స్‌లో కరెంటు పోయింది.

సరిగ్గా అప్పుడే అహల్య అత్తగారు జమునమ్మ అబిడ్స్‌లో పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉంది. అహల్యకు ఫోనొచ్చింది. ముందు "ఆఁ... ఆఁ..." అని అత్తగారి గొంతు. వెనకాలే డాక్టర్ మృదుల.

"మేడం, మీ అత్తమ్మ పన్ను సగం బయటికొచ్చింది. లైటు లేదు. కరెంటు ఎప్పుడొస్తది, జర చెప్తరా?"

"పావుగంట నుంచి గంట దాకా పట్టొచ్చు డాక్టర్."

"గట్లంటే ఎట్ల మేడం? ఒక్క మాట చెప్పున్రి!"

"ఆఁ!" అని జమునమ్మ కూడా గదమాయించింది.

బుధవారం మెమో వచ్చింది. "ఎనిమిదొందల యాభై అని ఎందుకు రాశారు?" కింద సంతకం ఎవరిదంటారు? భావనారాయణగారిదే! అహల్యకు ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని వరండాలోకి పరిగెత్తింది.

పై వారం మళ్లీ కళ్లు మూసుకుని ఏడొందలని రాస్తే, గాలి అచ్చు గుద్దినట్టు ఏడొందలే వీచింది! భావనారాయణగారు మెమో చింపేసి సన్మానం పెట్టించారు. శనివారం, సరిగ్గా పదకొండింటికి, నాంపల్లిలో ఓ హాల్లో. ఆ పదకొండింటికే గాలి లేస్తుందని అహల్య ముందురోజు రాసిచ్చింది; లేచి హాలు కిటికీ రెక్కలు టపటపలాడించింది.

ముఖ్య అతిథి ఓ పెద్దసారు. పదకొండింటికి "ఖైరతాబాద్ దాకా వచ్చేశారు" అని మైకులో చెప్పారు. పన్నెండింటికి ఖైరతాబాద్. ఒంటిగంటకీ ఖైరతాబాదే! ఒక్క అంకె చెప్పమని ఎవరైనా అడిగారా? అబ్బే. సమోసాలు చల్లారిపోయాయి. జమునమ్మ కొత్త పళ్లసెట్టుతో రెండు కునుకులు తీసింది.

పావు తక్కువ రెండింటికి సారు వచ్చారు. శాలువా కప్పి, గొంతు సవరించుకుని ఉపన్యసించారు. "ఈ దేశంలో గాలికి టైమంటే లెక్కలేదు. దానికి క్రమశిక్షణ నేర్పాలి!"

హాలంతా చప్పట్లు. భావనారాయణగారు లేచి నిలబడి మరీ కొట్టారు.

అహల్య కూడా కొట్టింది, కిటికీ వైపు తిరిగి. ఆ పూట చెప్పిన టైముకి వచ్చింది గాలి ఒక్కటే.